కారు రంగు సంరక్షణ: ఖమ్మం–భద్రాద్రి అడవి అంచున

కారు పైపూతను కడిగి శుభ్రం చేయడం, పడిన గీతలను తగ్గించడం, మైనం వంటి పూతతో ఎండావానల నుంచి కాపాడటం, ఈ మూడింటినీ కలిపి కారు రంగు సంరక్షణ అంటారు. మూడూ వేర్వేరు పనులు. కడిగితే మురికి పోతుంది. పాలిష్ పెడితే రంగు పైపొరే కొంత అరుగుతుంది. మైనం పూస్తే ఆ పొర మీద మరో పలుచని పొర చేరుతుంది. వాడుకలో ఈ మూడింటికీ ‘పాలిష్’ అనే ఒక్క మాట సరిపెట్టడంతో, మైనం చాలిన చోట అరగదీయడం, అరగదీయక తప్పని చోట మైనంతో కప్పిపుచ్చడం తరచు జరుగుతోంది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో కారు రంగుకు ఎదురయ్యే పరీక్షలు నగరాల్లో కన్నా భిన్నంగా ఉంటాయి. బొగ్గు దుమ్ము, థర్మల్ కేంద్రాల బూడిద, గ్రానైట్ పొడి, అడవి చెట్ల జిగురు, రాత్రి పురుగులు, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ, గోదావరి వరద ఒండ్రు అన్నీ ఒకే ప్రాంతంలో కలుస్తాయి. వీటిలో చాలావాటిని ఇంటి దగ్గరే, పెద్ద ఖర్చు లేకుండా ఎదుర్కోవచ్చు.

రంగు నిర్మాణం

ఫ్యాక్టరీలో కారుకు వేసే రంగు ఒక్క పూత కాదు. ఉక్కు రేకును మొదట ఫాస్ఫేట్ ద్రావణంతో శుద్ధి చేస్తారు. తరువాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును ఆపే ప్రైమర్ పట్టిస్తారు. ముంచడం వల్ల మడతల్లోకి, మూలల్లోకి కూడా అది చేరుతుంది. దాని మీద నునుపు కోసం ఇంకో ప్రైమర్, ఆపైన అసలు రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు వేస్తారు.

ఇవన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. పై క్లియర్ కోటు వాటా 35 నుంచి 50 మైక్రాన్లే. కారు మెరుపంతా దీనిదే. కింద ఉన్న అసలు రంగు పొరను విడిగా చూస్తే సున్నం వేసిన గోడలా మెరుపు లేకుండా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కూడా ఈ పైపొరలోనే ఉంటాయి. అది అరిగిపోయినా, ఎండకు శక్తి ఉడిగినా టాప్ మీద, బానెట్ మీద పాము కుబుసంలా పొలుసులు లేస్తాయి. ఆ దశలో మైనం గాని, పాలిష్ గాని పనిచేయవు. మళ్లీ రంగు వేయించడమే మార్గం.

ఎండలో నల్ల కారు బానెట్ మీద సూర్యుని చుట్టూ సాలెగూడు లాంటి వలయాలు కనిపిస్తాయి. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ పడిన సన్నని గీతల్లో, వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి వలయంలా భ్రమింపజేస్తాయి. వీటిలో ఎక్కువ భాగం రోడ్డు మీద పడినవి కావు, తుడిచేటప్పుడు గుడ్డ కింద నలిగిన దుమ్ము గీసినవి.

చరిత్ర

తొలినాళ్ల కార్లకు గుర్రపు బండ్ల మాదిరిగానే వార్నిష్ పూసేవారు. ఒక్కో పూత ఆరడానికి రోజులు పట్టేది. 1920ల మధ్యలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ‘డ్యూకో’ పేరుతో తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ ఆ ఆలస్యాన్ని తగ్గించి, కార్లకు రకరకాల రంగులు తెచ్చింది.

మనదేశంలో 1958 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్, దాని సమకాలీన ప్రీమియర్ పద్మిని కార్లలో చాలావాటి మీద రంగే పైపొర. దానికి వేరే క్లియర్ కోటు ఉండేది కాదు. పాలిష్ చేస్తే గుడ్డకు కారు రంగే అంటుకునేది. రంగు వెలిసి సున్నంలా పొడి లేస్తే, దాన్ని రుద్ది తీసి కింది కొత్త రంగును బయటికి తెచ్చేవారు. ఏటా ఒకసారి ‘రబ్బింగ్’ చేయించాలనే అలవాటు ఆ కాలంలో పుట్టింది, అప్పటి రంగుకు అది తగినదే.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 రోడ్డెక్కింది. ఆ తరువాతి దశాబ్దాల్లో మెటాలిక్ రంగులతో పాటు క్లియర్ కోటు మామూలైపోయింది. రంగు మారినా అలవాటు మారలేదు. అంబాసిడర్‌కు పనికొచ్చిన రబ్బింగ్ ఈనాటి కారుకు ఏటా చేయిస్తే, కొన్నేళ్లలో క్లియర్ కోటు పలచబడిపోతుంది.

ప్రాంతీయ పరిస్థితులు

దుమ్ము, బూడిద. కొత్తగూడెం కేంద్రంగా పనిచేసే సింగరేణి కాలరీస్‌కు మణుగూరు, ఇల్లందు, సత్తుపల్లి ప్రాంతాల్లో ఓపెన్‌కాస్టు గనులు ఉన్నాయి. బొగ్గు లారీల దారిలో నడిచే కార్ల మీద నల్లటి దుమ్ము పేరుకుంటుంది. పాల్వంచలో 1966 నుంచి నడుస్తున్న కొత్తగూడెం థర్మల్ కేంద్రం, మణుగూరు దగ్గరి 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం బొగ్గుతో నడిచేవే. బొగ్గు కాలగా వచ్చే బూడిదలో సిలికా, అల్యూమినాలతో కూడిన గాజు లాంటి సూక్ష్మ రేణువులు ఉంటాయి. చేతికి పిండిలా మెత్తగా తగులుతుంది గాని, క్లియర్ కోటు కన్నా అది ఎంతో గట్టిది. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ కోత యూనిట్ల పొడి కూడా అలాంటిదే. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ స్ఫటికాలు ప్లాస్టిక్ స్వభావం గల క్లియర్ కోటును సులువుగా గీస్తాయి.

ఎండ. మే నెల మధ్యాహ్నం ఆరుబయట నిలిపిన ముదురు రంగు కారు రేకు 70 డిగ్రీలు దాటి వేడెక్కగలదు. వేడికి క్లియర్ కోటు మెత్తబడి వ్యాకోచిస్తుంది. ఆ స్థితిలో దాని మీద పడిన ప్రతిదీ మామూలు కన్నా లోతుగా దిగుతుంది.

చెట్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఏరుకునే ఈ పూలలో చక్కెర పాలు ఎక్కువ. చెట్టు కింద నిలిపిన కారు మీద పది గంటల ఎండకే అవి పాకంలా కరిగి అతుక్కుంటాయి, చీమలనూ రప్పిస్తాయి. టేకు లేత ఆకును నలిపితే ఎర్రని రసం వస్తుంది. వానకు తడిసిన టేకాకు తెల్ల కారు మీద నాలుగు రోజులు పడి ఉంటే మరక పడుతుంది. వేప, చింత, మామిడి చెట్ల కింద ఆకుల మీది పేను పురుగులు విడిచే తీపి జిగట సన్నని తుంపరలా రాలుతుంది. నీడ కోసం చెట్టు కింద పెట్టడం తప్పుకాదు. పెట్టిన రోజే కడగకపోవడం తప్పు.

పక్షులు, పురుగులు, కోతులు. పక్షి రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు మెత్తబడిన క్లియర్ కోటు మీద రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం రేకు చల్లబడి రంగు సంకోచించేటప్పుడు ఆ గట్టి పెచ్చు ఆకారాన్నే అచ్చుగా పోసుకుంటుంది. అందుకే రెట్ట తీసేసినా మచ్చ మిగులుతుంది. పాల్వంచ, భద్రాచలం మధ్య అడవి దారిలో రాత్రి ప్రయాణిస్తే ముందు బంపరు, బానెట్ అంచు పురుగులతో నిండిపోతాయి. వాటి దేహరసాలకు కూడా ఆమ్ల గుణం ఉంటుంది. తెల్లారేసరికి అవి గట్టిపడతాయి. ఇక కోతుల గుంపు టాప్ మీద ఆడుకున్నాక పడే గోటి గీతలకు మైనం అడ్డు కాదు. అక్కడ కవరు గాని, షెడ్డు గాని కావాలి.

నీరు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు బోరు నీళ్లే ఆధారం. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. ఎండలో కడిగి ఆరనిస్తే ఒక్కో బొట్టూ ఒక్కో తెల్లటి ఉంగరంగా మిగులుతుంది. చివరి కడుగుకు పట్టి ఉంచిన వాన నీరు గాని, ఏసీ పైపు నుంచి కారే నీరు గాని వాడితే ఈ మచ్చలు పడవు. ఏసీ నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు.

కడగడం

మొదటి సూత్రం: పొడి దుమ్ము మీద పొడి గుడ్డ వేయరాదు. పొద్దున్నే కారు బయటికి తీసేముందు డిక్కీలోని పాత బనీను గుడ్డతో, లేదా కుచ్చు డస్టరుతో ఒకసారి తుడవడం చాలామందికి అలవాటు. బూడిద, గ్రానైట్ పొడి పడే చోట అది సన్నని ఉప్పుకాగితంతో రుద్దడమే. అపార్ట్‌మెంట్లలో ఒకే బక్కెట్టు నీళ్లతో వరుసగా కార్లన్నీ తుడిచే పద్ధతి కూడా అంతే. మొదటి కారు దుమ్ము పదో కారు మీద గీతలవుతుంది.

కారును నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కడగాలి. అరచేతి వెనక భాగాన్ని బానెట్‌కు ఆనించినప్పుడు వేడి తగలకపోతే మొదలుపెట్టవచ్చు. ఇక్కడి వేసవిలో ఉదయం ఎనిమిదిలోపే ఆ వీలు ఉంటుంది.

ముందు చక్రాలు కడగాలి. వాటికి వాడిన గుడ్డను, నీటిని రంగు మీదికి తేకూడదు. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అక్కడే ఎక్కువ. తరువాత పైనుంచి కిందికి నీళ్లు పోసి, వదులుగా ఉన్న మట్టిని చేయి తగలకుండానే జారిపోనివ్వాలి. చక్రాల పైకమానుల లోపల పట్టిన ఎర్రమట్టిని ఈ దశలోనే వదిలించాలి. ప్రెషర్ పంపు ఉంటే గొట్టం మూతిని రంగుకు కనీసం అడుగు దూరంలో ఉంచాలి. మరీ దగ్గరగా పెడితే రాయి దెబ్బ తగిలిన చోట రంగు పెచ్చు లేస్తుంది.

ఆపైన రెండు బక్కెట్ల పద్ధతి. ఒకదానిలో కారు షాంపూ నురగ, ఇంకోదానిలో మంచినీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్వును నురగలో ముంచి ఒక భాగం కడగాలి, మంచినీటి బక్కెట్లో జాడించి పిండాలి, అప్పుడే మళ్లీ నురగలో ముంచాలి. బానెట్, టాప్ అయ్యాక మంచినీటి బక్కెట్టు అడుగున వేలు పెట్టి చూస్తే సన్న ఇసుక కరకరలాడుతూ తగులుతుంది. రెండో బక్కెట్టు లేకపోతే ఆ ఇసుకంతా తిరిగి రంగు మీదికే వెళ్లేది.

వరుస పైనుంచి కిందికి: టాప్, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పై సగం, చివరికి తలుపుల కింది సగం, బంపర్లు. కింది భాగాల్లో మట్టి ఎక్కువ కాబట్టి వాటిని ఆఖరున ముట్టుకోవాలి. గుండ్రంగా తిప్పకుండా నిలువుగా, అడ్డంగా సరళరేఖల్లో కడగాలి. గ్లవ్వు కింద పడితే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకోవాలి. ఎండిన పురుగుల మీద, రెట్టల మీద తడిగుడ్డను పది నిమిషాలు పరిచి ఉంచితే రుద్దే పని లేకుండా ఊడివస్తాయి.

చివరగా మంచినీళ్లు పోసి వెంటనే ఆరబెట్టాలి. పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును రంగు మీద పరిచి, మెల్లగా తన వైపు లాగితే నీరు పీల్చుకుంటుంది. నూలు తువ్వాలు, పాత చీర గుడ్డ మెత్తగా ఉన్నా వాటి కుట్లు, అంచులు గీతలు పెడతాయి. మైక్రోఫైబర్ గుడ్డలను ఇంటి బట్టలతో కలపకుండా ఉతకాలి. బట్టలు మెత్తబడటానికి వాడే ద్రవం వాటికి తగిలితే పీల్చే గుణం పోతుంది.

గిన్నెలు తోమే ద్రవం, సర్ఫ్ పొడి నూనెను వదిలించడానికి తయారైనవి. ఒకసారి వాడినంత మాత్రాన రంగు చెడిపోదు గాని, పూసిన మైనం పోతుంది. పొడి పూర్తిగా కరగకపోతే ఆ పలుకులే గీతలు పెడతాయి.

మట్టిముద్ద

కడిగి ఆరాక, పలుచని ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి బానెట్ మీద మెల్లగా రాస్తే కొన్ని కార్లకు గరుకు తగులుతుంది. కంటికి కనిపించని ఇనుప రేణువులు, తారు బొట్లు, చెట్ల జిగురు రంగుకు అతుక్కుపోవడం దీనికి కారణం. ఈ గరుకును తీసేది క్లే బార్ అనే సాగే మట్టిముద్ద. జపాన్‌లో పుట్టిన ఈ పద్ధతి 1990ల్లో ఇతర దేశాలకు పాకింది. రంగు మీద షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, ముద్దను బలం పెట్టకుండా అటూ ఇటూ జరిపితే రేణువులు దానికి అంటుకుని వస్తాయి. మురికైన వైపును లోపలికి మడిచి కొత్త వైపుతో కొనసాగించాలి. కింద పడిన ముద్దను పారేయాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు, మైనం పూసే ముందు మాత్రమే ఈ పని అవసరం. తారు మచ్చలు ఎక్కువగా ఉంటే ముందు తారు తీసే ద్రవం వాడాలి.

పాలిష్

పాలిష్ అంటే అరగదీయడం. ఖమ్మంలో గ్రానైట్ పలకకు మెరుపు తెచ్చే విధానం తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ముందు ముతక రాయి, తరువాత సన్నరాయి, చివరికి అతి సన్నరాయి వరుసగా తిప్పితే, పెద్ద గీతలు చిన్నవై, చిన్నవి కంటికి అందనంత సన్నబడి పలక అద్దంలా మెరుస్తుంది. కారుకూ అదే సూత్రం. రబ్బింగ్ కాంపౌండ్‌లో ముతక రేణువులు, ఫినిషింగ్ పాలిష్‌లో సన్న రేణువులు ఉంటాయి. అయితే గ్రానైట్ పలకకు అంగుళం దాకా మందం ఉంటుంది. ఇక్కడ చేతిలో ఉన్నది 40 మైక్రాన్లు.

వేలిగోరు అడ్డంగా జరిపినప్పుడు తట్టుకునే గీత లోతైనది. దాన్ని పూర్తిగా తీయబోతే పొరకే చిల్లు పడుతుంది. గోరుకు తగలని గీతలకే పాలిష్ పనికొస్తుంది. ఇంట్లో చేసేవారు చేత్తోగాని, తిరుగుతూ అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషీన్‌తోగాని చేయడం మేలు. షెడ్లలో వాడే రోటరీ మెషీన్ ఒకేచోట వేడి పుట్టిస్తుంది. అనుభవం లేనివారి చేతిలో బానెట్ అంచుల దగ్గర రంగు కాలిపోగలదు. ముందుగా అరచేతి వెడల్పు చోట అతి తేలికైన పాలిష్‌తో ప్రయత్నించి, అది చాలకపోతేనే ముతకదానికి వెళ్లాలి. డీలరు దగ్గర గాని, షెడ్డులో గాని పెయింటు మందం కొలిచే మీటరు ఉంటే, పాత కారుకు పాలిష్ పెట్టేముందు కొలిపించుకోవడం మంచిది.

మైనం

మైనం ఒక బలిపొర. ఎండ, ఆమ్లం, లవణాలు ముందు దాన్ని తింటాయి. అది తరిగిపోతే మళ్లీ పూసుకోవచ్చు, క్లియర్ కోటును మాత్రం అలా మళ్లీ పూసుకోలేం.

భద్రాచలం అడవుల్లో తేనె తీసేవారికి తేనెమైనం కొత్తది కాదు. అది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే ఎండకు నల్లటి బానెట్ అంతకు మించి వేడెక్కుతుంది. కాబట్టి ఒట్టి తేనెమైనం ఇక్కడి కారు మీద మెత్తబడి, లారీల దుమ్మునంతా తనలోకి లాక్కుంటుంది. కారు మైనాల్లో ప్రధానంగా వాడేది కార్నూబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు, నీటిని కోల్పోకుండా ఆకుల మీద ఏర్పరచుకునే పూత ఇది. ఆకులను ఎండబెట్టి, దులిపి దీన్ని సేకరిస్తారు. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గాని కరగదు. ఎండిన నేల చెట్టు తనకోసం చేసుకున్న రక్షణ కావడమే దాని గట్టిదనానికి మూలం. బజారులో దొరికే డబ్బాలో కార్నూబాతో పాటు ఇతర మైనాలు, ద్రావకాలు, నూనెలు కలిసి ఉంటాయి.

పూసే తీరు ఇది. కడిగి, పూర్తిగా ఆరిన రంగు మీద, నీడలో, స్పాంజికి వేలికొన అంత మైనం తీసుకుని ఒకసారికి అరమీటరు చదరం మేర పలచగా రాయాలి. మందంగా రాస్తే మెరుపు పెరగదు, తుడవడమే కష్టమవుతుంది. కొన్ని నిమిషాలకు తెల్లటి మసక తేలుతుంది. వేలితో ఒక గీత గీసి చూసినప్పుడు ఆ చోటు శుభ్రంగా మెరిస్తే తుడిచే సమయం వచ్చినట్టు. వేలికి జిగటగా తగిలితే ఇంకాస్త ఆగాలి. మెత్తని మైక్రోఫైబర్‌తో తుడిచి, గుడ్డ రెండో వైపుతో మరోసారి రాయాలి. నల్ల ప్లాస్టిక్ బంపరు అంచులకు, రబ్బరు పట్టీలకు మైనం అంటితే తెల్ల చారలు మిగులుతాయి కాబట్టి, ముందే వాటికి పేపరు టేపు అంటించాలి.

మైనం మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు నిలుస్తుంది. ఆరుబయట నిలిపే కార్లకు వేసవిలో ఆ గడువు తగ్గుతుంది. నీళ్లు చల్లినప్పుడు గుండ్రటి ముత్యాల్లా నిలబడితే మైనం ఉన్నట్టు. పలచగా పరుచుకుని సాగితే మళ్లీ పూసే వేళ అయినట్టు.

ఇతర రక్షణ పూతలు

సింథటిక్ సీలెంట్లు పాలిమర్లతో తయారవుతాయి. మైనం కన్నా వేడిని బాగా ఓర్చి, నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తాయి. వేసవికి ముందు ఒకసారి, వానలకు ముందు ఒకసారి పూసుకోగలిగితే ఈ ప్రాంతపు వాడుకకు ఇవి మైనం కన్నా నప్పుతాయి.

షోరూముల్లో వినిపించే ‘టెఫ్లాన్ కోటింగ్’ పేరు 1938లో కనుగొన్న ఒక పాలిమర్‌ది. అది దేనికీ అతుక్కోకపోవడమే దాని ప్రత్యేకత, వంట పెనం మీద నిలబెట్టాలంటే కొలిమి వేడి కావాలి. కారు రంగు ఆ వేడికి తట్టుకోదు. కాబట్టి ఆ పేరుతో పూసేదాన్ని ఒక రకం సీలెంటుగానే లెక్కించాలి.

సిరామిక్ కోటింగ్ సిలికా ఆధారిత ద్రవం. క్లియర్ కోటుతో గట్టిగా బంధం ఏర్పరచుకుని, సరిగా చూసుకుంటే కొన్నేళ్లు నిలుస్తుంది. దీని ప్రకటనల్లో కనిపించే ‘9హెచ్’ అనే గుర్తు పెన్సిల్ గట్టిదనపు పరీక్షకు చెందినది, రత్నాల గట్టిదనపు కొలతకు కాదు. రాయి తగిలినా, కోతి గోరు తగిలినా గీత పడకుండా ఉండదు. పూసే ముందు రంగు మీద ఉన్న గీతలను తీయకపోతే అవి కోటింగ్ కిందే ఉండిపోతాయి.

పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ అనేది పారదర్శకమైన పాలియూరిథేన్ పొర. 150 నుంచి 200 మైక్రాన్ల మందంతో మొత్తం రంగు కన్నా లావుగా ఉంటుంది. రాళ్ల దెబ్బలను నిజంగా ఆపగలిగేది ఇదొక్కటే. కారు మొత్తానికి ఖర్చు ఎక్కువ. బొగ్గు లారీల వెనక తిరిగే కార్లకు బానెట్ ముందు అంచు, బంపరు వరకు వేయించుకున్నా ప్రయోజనం ఉంటుంది.

వాహనపూజ

కొత్త కారుతో భద్రాద్రి రామయ్య దర్శనానికి వెళ్లి పూజ చేయించుకోవడం ఈ ప్రాంతంలో మామూలు. దసరాకు పాత వాహనాలకూ పూజ జరుగుతుంది. పసుపులోని కర్క్యుమిన్ గట్టి రంగు పదార్థం. తడిపసుపు తెల్ల కారు మీద ఎండితే మరక పడుతుంది. అయితే కర్క్యుమిన్ ఎండకు విరిగిపోతుంది కాబట్టి, కడిగినా మిగిలిన పసుపుచాయ చాలావరకు కొద్దిరోజుల ఎండకు తగ్గుతుంది. కుంకుమ విషయం వేరు. పసుపు, సున్నాలతో చేసిన సంప్రదాయ కుంకుమకు బదులు బజారులో దొరికే చాలా పొడుల్లో కృత్రిమ రంగులు ఉంటాయి, అవి అంత తేలికగా పోవు. బొట్టును బానెట్ మీద కాకుండా నంబరు ప్లేటు మీదో, అద్దం మీదో పెట్టడం, కొబ్బరికాయను కారుకు దూరంగా కొట్టడం, పూలదండను బానెట్ మీద లాగి కట్టకుండా ఇంటికి రాగానే తీసేయడం మంచిది. దండ దారం ప్రయాణంలో గాలికి కదులుతూ గీతలు పెడుతుంది. పూజకు ముందురోజు మైనం పూసి ఉంచితే పసుపు కుంకుమలు మైనానికే పట్టి, కడిగితే పోతాయి.

వరద తరువాత

భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలోని అనేక కాలనీలు మునిగాయి. మునిగిన కారును స్టార్ట్ చేయకూడదనేది అందరూ చెప్పేదే. రంగు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. ఒండ్రు ఎండక ముందే, తుడవకుండా, ఒత్తిడి తక్కువగా ఉన్న నీటితో ఎక్కువసేపు తడిపి జార్చాలి. తలుపుల అడుగున ఉండే చిన్న నీటి రంధ్రాలను, వైపర్ల కింది తొట్టిని, చక్రాల పైకమానుల మడతలను తప్పక కడగాలి. ఈ చోట్ల నిలిచిన బురద తేమను పట్టి ఉంచి, నెలల తరువాత లోపలి నుంచి తుప్పు లేపుతుంది. అడవి దారిలో తిరిగే కార్లకు రాలిన ఆకులు ఇవే రంధ్రాలను మూసేస్తాయి, కాబట్టి వరద రాకపోయినా వానాకాలానికి ముందు, తరువాత చూసుకోవాలి.

రాయి దెబ్బకు రంగు లేచి రేకు కనిపిస్తే, తుప్పు పట్టక ముందే టచప్ పెయింటు చుక్క వేయాలి. కారు రంగు కోడు తలుపు చట్రం మీదో, బానెట్ కిందో ఉండే చిన్న పట్టీ మీద రాసి ఉంటుంది. ఆ కోడు చెబితే సరైన రంగు దొరుకుతుంది.

వాడుకలో ఉన్న పొరపాట్లు

డీజిల్, కిరోసిన్‌లతో తుడిస్తే కారు తళతళలాడుతుందనే నమ్మకం లారీల కాలం నాటిది. ఆ మెరుపు నూనె తడిదే. గంటలో దుమ్ము దాని మీద పట్టుకుంటుంది, రబ్బరు పట్టీలు ఉబ్బుతాయి. టూత్‌పేస్టుతో సన్న గీతలు కొంత తగ్గడం నిజమే గాని, అందులోని రాపిడి పొడి క్లియర్ కోటు కోసం తయారైనది కాదు. కొత్త గీతలే మిగలవచ్చు. దుమ్ము పట్టిన కారుకు కవరు కప్పితే రక్షణ కాదు, గాలికి కవరు కదిలినప్పుడల్లా దుమ్ము రంగును గీస్తుంది. కడిగి ఆరిన కారుకే కవరు కప్పాలి. తడి కారుకు కప్పితే తేమ లోపలే నిలిచి రంగు మీద మచ్చలు లేస్తాయి. తెల్ల కారుకు మైనం అక్కర్లేదనడం కూడా సరికాదు. తెలుపు మీద గీతలు తక్కువ కనిపిస్తాయి గాని, జిగురు, ఆమ్లం, తుప్పు రేణువులు తెలుపును విడిచిపెట్టవు.

బోరు నీటి తెల్ల మచ్చలకు వెనిగర్‌లో సమానంగా మంచినీళ్లు కలిపి, గుడ్డతో ఒక నిమిషం అద్ది, వెంటనే కడగడం పనిచేస్తుంది. ఎక్కువసేపు ఉంచరాదు. ఆ తరువాత అక్కడ మళ్లీ మైనం పూయాలి.

నీరు, పరిసరాలు

రెండు బక్కెట్లతో కారు కడగడానికి ముందు, తరువాత పోసే నీటితో కలిపి వంద లీటర్లలోపే చాలు. తెరిచి వదిలిన గొట్టంతో దీనికి ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. బాగా దుమ్ము లేని రోజుల్లో, తరువాత నీళ్లు పోసి కడగాల్సిన అవసరం లేని రిన్స్‌లెస్ షాంపూను ఒక బక్కెట్టు నీటిలో కలిపి, తడి గుడ్డలు మారుస్తూ తుడిచినా సరిపోతుంది. ఈ పద్ధతి ఎర్రమట్టి పెచ్చులు కట్టిన కారుకు పనికిరాదు.

మున్నేరు, కిన్నెరసాని, గోదావరి రేవుల్లోకి వాహనాలు దించి కడగడం ఇప్పటికీ కనిపిస్తుంది. షాంపూ నురగలోని రసాయనాలు, ఇంజన్ నూనె, బ్రేకుల లోహపు పొడి నేరుగా నీటిలో కలిసి చేపలకు హాని చేస్తాయి. అదే నీటిని కిందివారు తాగేందుకు, పొలాలకు వాడుకుంటారు. ఇంటి దగ్గర కూడా మురికి నీరు బావి వైపు, కాలువ వైపు పోకుండా మట్టి నేలలోకి ఇంకనివ్వాలి.

ఏడాది క్రమం

ఫిబ్రవరి చివర, ఇప్పపూలు రాలే ముందు బాగా కడిగి, అవసరమైతే మట్టిముద్ద పెట్టి, సీలెంటు గాని మైనం గాని పూయాలి. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి పొద్దున్నే కడగాలి. రెట్టలు, పురుగుల మరకలు మాత్రం కనిపించిన రోజే తడిపి తీయాలి. జూన్ మొదటి వానలకు ముందు పైపూత మళ్లీ వేసి, నీటి రంధ్రాలు శుభ్రం చేయాలి. వానాకాలమంతా చక్రాల పైకమానుల్లో ఎర్రమట్టి పేరుకోకుండా చూడాలి. దసరా తరువాత మరో పూత వేయాలి, అది సీలెంటు అయితే మళ్లీ ఫిబ్రవరి దాకా సరిపోతుంది. పాలిష్‌కు ఏడాదిలో నిర్ణీత సమయం లేదు, గీతలు కంటికి ఇబ్బందిగా ఉన్నప్పుడే చేయాలి.

కారు కొన్న రోజు క్లియర్ కోటు ఎంత మందం ఉందో, ఆ తరువాత అంతకు తగ్గడమే గాని పెరగడం ఉండదు. ఈ దారిలో తిరిగే కార్ల మీద దాన్ని ఎక్కువగా అరగదీసేది అడవీ కాదు, ఎండా కాదు, డిక్కీలోని పొడి గుడ్డ. దాన్ని తీసి పక్కన పెట్టి, ఆ చోట ఒక నీళ్ల సీసా, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ పెట్టుకుంటే సంరక్షణలో సగం పని అయినట్టే.